చెక్క క్లారినెట్: పైపూత తొలగింపు, పునరుద్ధరణ

ఈ భాగం చదివిన తరవాత మీరు చెక్క క్లారినెట్ పైపూత స్వభావాన్ని గుర్తించగలుగుతారు; దాన్ని ఎప్పుడు తొలగించవచ్చో, ఎప్పుడు తొలగించకూడదో వివరించగలుగుతారు.

1. నలుపు ఎక్కడిది?

క్లారినెట్ నల్లగా ఉంటుంది కనుక దానికి మందమైన వార్నిష్ పూస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా పూయరు. నేటి చెక్క క్లారినెట్లను ఎక్కువగా ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ చేవతో చేస్తారు. టాంజానియా, మొజాంబిక్ దేశాలలో పెరిగే ఈ చెట్టు, మన ఇరుగుడు చెట్టు ఒకే ప్రజాతికి చెందినవి. దీని చేవ నీటిలో మునిగేంత బరువు. రంగు ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది. అంతటా ఒకే తీరుగా కనబడటానికి చాలామంది తయారీదారులు నల్లరంగు పట్టిస్తారు. ఏళ్ల తరబడి వేళ్లు తగిలిన చోట ఆ రంగు పోయి గోధుమ చారలు బయటపడతాయి. అంతమాత్రాన చెక్క పాడైనట్లు కాదు; నాదానికి లోపమూ రాదు.

2. ముందుగా పరీక్ష

వాయిద్యం నిజంగా చెక్కదేనా చూడండి. పచ్చదనం కలిసిన గోధుమరంగుకు తిరిగి, రుద్దితే గంధకం వాసన వస్తే అది ఎబొనైట్. చెక్క అయితే దారువు గీతలు కనబడతాయి. తరవాత కనబడని చోట స్పిరిట్ తడిపిన తెల్లగుడ్డతో తేలికగా తుడవండి. గుడ్డ నల్లబడితే అది రంగు. ఉపరితలం జిగురుగా మారితే ఎవరో తరవాత లక్క పాలిష్ వేశారని భావించవచ్చు.

3. తొలగించే పద్ధతి

లక్క పూత పెచ్చులూడుతుంటేనే తొలగించండి. ముందు మీటలు విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. స్పిరిట్ గుడ్డతో కొద్దికొద్ది భాగాన్ని తుడవండి. నీటిలో నానబెట్టకండి. ఎబొనైట్ మౌత్‌పీస్‌కు స్పిరిట్ తగలనివ్వకండి.

శాండ్‌పేపర్ వాడకండి. లోపలి నాళం వ్యాసం సుమారు 15 మిల్లీమీటర్లు. నాళంలోగాని, స్వరరంధ్రాల అంచుల్లోగాని కొద్దిగా అరిగినా శ్రుతి మారుతుంది, ప్యాడ్లు సరిగా మూయవు. అరిగిన చెక్కను తిరిగి తేలేము. పైగా ఈ చెక్క పొడి చర్మానికి, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

4. పునరుద్ధరణ

చెక్క పూర్తిగా ఆరిన తరవాత, కావాలనుకుంటే స్పిరిట్‌లో కరిగే నల్లరంగును పలుచగా పట్టించవచ్చు. వాయిద్యాన్ని కాపాడేది మాత్రం ఈ రంగు కాదు, తేమను అదుపులో ఉంచడం. వాయించేటప్పుడు వెచ్చని ఊపిరి తేమకు లోపలి చెక్క ఉబ్బుతుంది. బయటి చెక్క పొడిగానే ఉంటుంది. ఈ వ్యత్యాసంవల్లే, ముఖ్యంగా పై భాగంలో, పగుళ్లు వస్తాయి. అందుకే వాయించిన ప్రతిసారీ లోపల తుడవాలి. నాళం ఎండినట్లు కనబడితే బాదంనూనె బహుపలుచగా రాసి, రాత్రంతా ఉంచి, మిగిలినది తుడిచేయాలి. ప్యాడ్లకు నూనె అంటకూడదు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది కనుక అనువైనది కాదు.

5. గుర్తుంచుకోవలసిన సూత్రం

వెనక్కి తీసుకోగల పని మాత్రమే చేయండి. రంగు మళ్లీ వేయవచ్చు. పోయిన చెక్కను, పోయిన శ్రుతిని మళ్లీ పెట్టలేము. 18వ శతాబ్దపు బాక్స్‌వుడ్ క్లారినెట్ల వంటి పురాతన వాయిద్యాలపై ఉన్న పాతపూత చరిత్రకు సాక్ష్యం. దాన్ని అసలు తాకకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు వాయించిన చెక్క క్లారినెట్ గోధుమరంగుకు తిరిగింది, నాదం బాగుంది. యజమాని దాన్ని సానబట్టి కొత్తదానిలా చేయమన్నారు. మీరేమి సలహా ఇస్తారు? కారణాలతో రాయండి.