మూడవ ఒట్టు

రైలు కదిలిపోయింది. స్టేషను వెలుపల తన ఎడ్లబండి చెంతకు తిరిగివచ్చిన హీరామన్ ఒట్టు పెట్టుకుంటాడు: ఇకమీదట నౌటంకీ ఆడదానిని బండి ఎక్కించుకోను. 1966లో విడుదలైన ‘తీస్రీ కసమ్’ అనే హిందీ చిత్రం అంతటితో ముగుస్తుంది.

బీహారు పల్లెసీమలను అక్షరాలలోకి దించిన ఫణీశ్వరనాథ్ రేణు కథ దీనికి ఆధారం. సంభాషణలు కూడా ఆయనవే. హీరామన్ అమాయకుడైన బండివాడు. దొంగసరుకు మోసి పోలీసులకు చిక్కబోయినప్పుడు మొదటి ఒట్టు, వెదురుబొంగులు వేసుకువెళ్ళి దారిలో దెబ్బలు తిన్నప్పుడు రెండవ ఒట్టు పెట్టుకున్నాడు. ఒకనాడు తిరునాళ్ళలో ఆడవలసిన నౌటంకీ నటి హీరాబాయి అతని బండి ఎక్కుతుంది. ఇద్దరి పేర్లలోనూ ‘హీరా’ ఉన్నది గనుక ఆమె అతనిని ‘మీతా’ అని పిలుస్తుంది. ఒకే పేరుగలవారు ఆప్యాయంగా పిలుచుకొనే పిలుపది. దారి పొడవునా అతడు పాటలు పాడతాడు, కథలు చెబుతాడు. ప్రేమ అన్న మాట మాత్రం అతని నోట రాదు.

అతని కన్నులకు ఆమె దేవత. తిరునాళ్ళ జనానికి డబ్బిస్తే ఆడే మనిషి. ఎవరైనా ఆమెను తేలికచేసి మాట్లాడితే హీరామన్ తగవుకు దిగుతాడు. అతని మనసులోని ఆ రూపం తనది కాదని ఆమెకు తెలుసు. దానిని పగులగొట్టలేక, అందులో ఒదిగి బ్రతకలేక, అతడు దాచమని ఇచ్చిన డబ్బును తిరిగి చేతిలో పెట్టి రైలెక్కుతుంది.

బాసు భట్టాచార్య దర్శకుడు, సుబ్రతో మిత్రా ఛాయాగ్రాహకుడు. బండివానిగా రాజ్‌కపూర్ తన పట్నపు తళుకులన్నీ విడిచిపెట్టాడు. హీరాబాయి పాత్రధారిణి వహీదా రెహమాన్ తెలుగువారికి కొత్తది కాదు. 1955లో ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు నర్తించినది ఆమెయే.

చిత్రాన్ని నిర్మించినవాడు గీతరచయిత శైలేంద్ర. మిత్రుడైన రాజ్‌కపూర్ ఒక్క రూపాయి పారితోషికంతో నటించాడని ప్రతీతి. అయినా నిర్మాణం ఏళ్ళ తరబడి సాగింది, అప్పులు పెరిగాయి. నాయికానాయకులను కలిపి కథ ముగిస్తే చిత్రం నడుస్తుందని హితవు చెప్పినవారున్నారు. శైలేంద్ర అంగీకరించలేదు. కలిపితే ఆ ఒట్టుకు అర్థమేముంటుంది?

చిత్రం ఆర్థికంగా దెబ్బతిన్నది. 1966 డిసెంబరు 14న, రాజ్‌కపూర్ పుట్టినరోజునాడే, శైలేంద్ర కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 43 ఏళ్ళు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ‘తీస్రీ కసమ్’కు రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది. దానిని అందుకొనడానికి ఆయన లేడు.

మొదటి రెండు ఒట్లూ నష్టం నేర్పిన జాగ్రత్తలు. మూడవ ఒట్టు నాటికి హీరామన్‌కు ఎవరూ ద్రోహం చేయలేదు. డబ్బు పోలేదు, దెబ్బ తగలలేదు. అయినా అతనిని ఎక్కువగా గాయపరచినది ఆ చివరి ప్రయాణికురాలే. అది ఎవరికీ చెప్పుకొనలేక అతడు ఎడ్లను అదలించి ఇంటిదారి పడతాడు.