సూరత్ నుంచి లావా బాట

లింబాయత్‌లో బోరు వేయించినవాళ్ళను అడగండి, కింద ఏం పడిందని. ఒండ్రు, ఇసుక, మళ్ళీ ఒండ్రు అంటారు. తాపీ నది పోసిన మట్టి మీద కూర్చున్న ఊరు సూరత్. గుహల పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే నిరాశ కలిగించే నేల ఉండదు. మరమగ్గాల కోసం ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది కరీంనగర్, వరంగల్ వైపు గుట్టలు చూసి పెరిగినవాళ్ళు. ఆ గుట్టల గ్రానైట్, భూమి లోతుల్లో నిదానంగా చల్లారిన రాయి. అందులో లావా సొరంగం పుట్టే అవకాశమే లేదు.

అయితే భుసావళ్ వెళ్ళే బండెక్కండి. వ్యారా దాటి సోన్‌గఢ్ చేరేసరికి కిటికీలో నల్లరాతి కొండలు మొదలవుతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొంగి, ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉన్న దక్కన్ లావా ఇదే.

పలచని లావా పల్లానికి పారుతుంటే, పాల మీద మీగడలా పైపొర గట్టిపడుతుంది. ఆ కప్పు వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి కింద లావా పారుతూనే ఉంటుంది. పైనుంచి రాక ఆగి, ఉన్నది దిగువకు జారిపోతే బోలు మిగులుతుంది. హవాయిలోని కజుమురా గుహ అలా ఏర్పడిందే. కొలిచినంత మేరకే 65 కిలోమీటర్లు. హెల్మెట్టు, మోకాళ్ళకు ప్యాడ్లు, మనిషికి మూడేసి లైట్లు పెట్టుకుని అలాంటి గుహల్లో పాకడం అక్కడివాళ్ళకు సెలవురోజు సరదా.

మరి ఇంత లావా ఉన్న మన దగ్గర? బోలు సొరంగాలు దాదాపు లేవు. ఇక్కడి లావా చాలావరకు వెడల్పాటి పొరలుగా, పైకప్పు కిందే ఉబ్బుతూ సాగింది. ఎక్కడైనా సొరంగం ఏర్పడినా, లోపలి లావా అందులోనే గడ్డకట్టి పూడిపోయి ఉంటుంది. పుణె దగ్గరి దౌండ్‌లో అలాంటి సొరంగ వ్యవస్థ ఆనవాళ్ళు ఉండవచ్చని దురైస్వామి, బొంద్రే, డోలే 2004లో రాశారు. ఉండవచ్చనే అన్నారు, గమనించండి. అజంతా మాటెత్తకండి, అది ఉలితో చెక్కిన గుహ.

తమాషా ఏమిటంటే, గుజరాత్‌వాళ్ళు పేరు చెప్పుకోదగ్గ బోలు సొరంగం చంద్రుడి మీద ఉంది. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం శాస్త్రవేత్తలు చంద్రయాన్-1 చిత్రాల్లో, కూలకుండా మిగిలిన దాదాపు 2 కిలోమీటర్ల లావా సొరంగాన్ని గుర్తించామని 2011లో ప్రకటించారు. రేపటి వ్యోమగాములకు రేడియేషన్ నుంచి అది నీడ కావచ్చట.

అందుకే సూరత్‌లో ఈ సరదా పాకడం కాదు, చూడటం. వానలు వెళ్ళి గడ్డి ఎండాక సాపుతారా ఘాట్ రోడ్డు కోతల దగ్గర ఆగండి. బుడగల గుంతలు నిండిన పైపొర, దాని కింద బిగువైన నల్లరాయి, మళ్ళీ బుడగలు కనబడితే, ఒక లావా ఆగి ఇంకొకటి దాని మీదికి వచ్చిందన్నమాట. గుంతల్లో మెరిసే తెల్లని స్ఫటికాలు చాలావరకు జియోలైట్లు. నందుర్బార్ దాటాక పొలాల మధ్య గోడల్లా లేచిన రాళ్ళు, నేల పగుళ్ళలోకి ఎక్కి అక్కడే గడ్డకట్టిన లావా.

నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క మాత్రం గోదావరి ఒడ్డున ఉంది. రాజమండ్రి పక్క కాతేరులో, ఏటి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో దొరికే నల్లరాయి స్థానికంగా పొంగిందా అన్నది పాత వివాదం. పడమటి నుంచి నదీలోయల వెంబడి సుమారు 1000 కిలోమీటర్లు వచ్చిన లావాయేనని స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో వాదించింది. అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది? గట్టిపడిన కప్పు కింద దాగి ప్రవహించడం వల్ల కావచ్చు. ఈ క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు గవ్వలున్న సున్నపురాయి దొరుకుతుంది. అప్పటి తీరం అదే. క్వారీలోకి దిగాలనుకుంటే మాత్రం యజమాని అనుమతి తీసుకోండి, పేలుళ్ళ వేళలు కనుక్కోండి.