ఏ జతలో తేడా ఉంది? – విస్తృతి విశ్లేషణ తరువాత చేసే బహుళ పోలికలు

గత పాఠంలో మీరు విస్తృతి విశ్లేషణ (అనోవా) గురించి తెలుసుకొన్నారు. మూడు లేదా అంతకంటె ఎక్కువ సమూహాల సగటులన్నీ సమానమేనా అన్న ప్రశ్నకు అది జవాబు చెబుతుంది. సమానం కావని తేలితే, ఏ సమూహానికీ ఏ సమూహానికీ తేడా ఉందో మాత్రం చెప్పదు. ఇంట్లో ఎక్కడో నీళ్లు కారుతున్నాయని చప్పుడు వినిపించడం ఒకటి, ఏ కుళాయి కారుతున్నదో కనుక్కోవడం మరొకటి. ఆ రెండవ పని ఎలా చేయాలో, దానికి కంప్యూటరును ఎలా ఉపయోగించుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ఒక వర్క్‌షాపులో నలుగురు వెల్డర్లు

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఎందరో పని కోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. కర్మాగారం చుట్టూ చిన్న చిన్న ఫాబ్రికేషన్ షాపులు వెలిశాయి. వైశాలి నగర్‌లో ఉంటూ అలాంటి ఒక షాపుకు పనికి వెళ్లే నలుగురు వెల్డర్లను ఊహించుకొందాం. కింది అంకెలు కూడా లెక్క నేర్చుకోవడానికి మనం కల్పించుకొన్నవే.

నలుగురూ ఒకే రకం ప్లేటు మీద, ఒకే రకం రాడ్డుతో ఐదేసి టెస్టు పీసులు వెల్డు చేశారు. ఒక్కొక్క పీసును యంత్రంలో బిగించి తెగేదాకా లాగారు. అది తట్టుకొన్న గరిష్ఠ ఒత్తిడి మెగాపాస్కళ్లలో ఇలా ఉంది.

మొదటి వెల్డరు: 462, 470, 466, 474, 468. సగటు 468
రెండవ వెల్డరు: 464, 478, 472, 470, 476. సగటు 472
మూడవ వెల్డరు: 470, 482, 476, 480, 472. సగటు 476
నాలుగవ వెల్డరు: 458, 470, 464, 462, 466. సగటు 464

యజమాని ఈ కాగితం చూశాడు. నాలుగవ వెల్డరు పేరు అన్నిటికంటె కింద ఉంది. "ఇతన్ని పెద్ద పనుల నుంచి తీసేద్దాం" అన్నాడు. పెద్ద పని పోతే కూలి తగ్గుతుంది. కాబట్టి ఈ అంకెలు ఆ మాటను నిజంగా సమర్థిస్తున్నాయా లేదా అన్నది ఆ ఇంటి పొయ్యికి సంబంధించిన విషయం.

గత పాఠంలోని పద్ధతిలో మీరే లెక్క వేసి చూడండి. సమూహాల మధ్య వర్గాల మొత్తం 400, స్వతంత్ర పరిమితులు 3. సమూహాల లోపల వర్గాల మొత్తం 384, స్వతంత్ర పరిమితులు 16. కాబట్టి సమూహాల మధ్య సగటు వర్గం 133.33, లోపలి సగటు వర్గం 24, ఎఫ్ విలువ 5.56. పట్టికలో 5 శాతం సార్థకతా స్థాయి వద్ద 3, 16 పరిమితులకు ఉన్న విలువ 3.24. మన విలువ అంతకంటె ఎక్కువ. నలుగురి సగటులూ సమానమన్న శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం.

ఇంతవరకు తెలిసింది ఎక్కడో తేడా ఉందని మాత్రమే. నాలుగవ వెల్డరు మిగతా ముగ్గురికంటె తక్కువవాడని ఈ లెక్క ఎక్కడా అనలేదు.

జతలన్నిటికీ టి-పరీక్ష చేస్తే ఏమవుతుంది?

నలుగురిని ఇద్దరిద్దరుగా పోల్చితే ఆరు జతలు వస్తాయి. ఐదుగురైతే పది. ఒక్కొక్క జతకు విడిగా టి-పరీక్ష చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే చిక్కు ఉంది.

5 శాతం స్థాయి అంటే, నిజంగా తేడా లేని చోట కూడా నూటికి ఐదుసార్లు తేడా ఉందని పొరపాటుగా ప్రకటించడానికి ఒప్పుకొన్నామన్నమాట. ఒక్క పరీక్షకైతే ఈ నష్టభయం చిన్నదే. ఆరు పరీక్షలు చేస్తే? అవి పరస్పరం స్వతంత్రమైనవైతే, ఒక్కటి కూడా పొరపాటు కాకుండా ఉండే సంభావ్యత 0.95ను ఆరుసార్లు గుణించగా వచ్చే 0.735. అంటే కనీసం ఒక తప్పుడు ఆరోపణ వచ్చే సంభావ్యత 0.265. మన జతలు పూర్తిగా స్వతంత్రమైనవి కావు, ఒకే వెల్డరు మూడు జతల్లో ఉంటాడు. అందువల్ల అసలు విలువ కొంత తగ్గి సుమారు 0.20 అవుతుంది. అయినా ఇది మనం ఒప్పుకొన్న 0.05కు నాలుగు రెట్లు! చాలినన్నిసార్లు వెదికితే ఎవరిలోనైనా ఒక తప్పు దొరుకుతుంది.

ఈ మొత్తం నష్టభయాన్నే 'కుటుంబ దోషస్థాయి' అంటారు. జతలన్నీ కలిపి ఒక కుటుంబం. కుటుంబం మొత్తానికి 5 శాతం దాటకుండా చూడటమే బహుళ పోలిక పరీక్షల ఉద్దేశం. అంకెలు చూసిన తరువాత చేసే పోలికలు కాబట్టి వీటిని పోస్ట్ హాక్ పరీక్షలు అని కూడా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు 'దీని తరువాత' అని అర్థం.

ట్యూకీ పద్ధతి

ఈ పద్ధతులలో నేర్చుకొనేవారికి ముందుగా చెప్పవలసింది ట్యూకీ పద్ధతి. అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు జాన్ ట్యూకీ 1953లో బహుళ పోలికల సమస్య మీద రాసిన విపులమైన రచనలో దీనిని వివరించాడు. (కంప్యూటరు భాషలోని 'బిట్' అనే మాట కూడా ఆయన సూచించినదే. ఈ సంగతిని క్లాడ్ షానన్ 1948లోనే తన వ్యాసంలో రాశాడు.) విస్తృతి విశ్లేషణను రూపొందించిన ఆర్. ఎ. ఫిషర్ అంతకు ముందే, 1935 నాటికే, 'కనిష్ఠ సార్థక భేదం' అనే సులువైన పద్ధతిని చెప్పాడు. మన తెలుగువాడైన సి. ఆర్. రావు (1920–2023) ఈ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందారు.

రెండు పద్ధతులూ ఒక 'గీటురాయి తేడా'ను ఇస్తాయి. రెండు సగటుల తేడా దానిని దాటితే సార్థకం, దాటకపోతే కాదు.

ఫిషర్ పద్ధతిలో: 16 పరిమితులకు టి విలువ 2.120. దానిని రెండు సగటుల తేడాకు ఉండే ప్రామాణిక దోషంతో గుణించాలి. 24ను 2తో గుణించి 5తో భాగించగా వచ్చే 9.6కు వర్గమూలం 3.098. గీటురాయి తేడా 6.57.

ట్యూకీ పద్ధతిలో: నాలుగు సమూహాలకు, 16 పరిమితులకు పట్టికలోని క్యూ విలువ 4.05. దానిని 24ను 5తో భాగించగా వచ్చే 4.8 వర్గమూలం, అంటే 2.191తో గుణించాలి. గీటురాయి తేడా 8.87.

ఇప్పుడు జతలను చూడండి. ఒకటి–రెండు, రెండు–మూడు, ఒకటి–నాలుగు జతల్లో తేడా 4. ఒకటి–మూడు, రెండు–నాలుగు జతల్లో 8. మూడు–నాలుగు జతలో 12.

ఫిషర్ గీటురాయి ప్రకారం మూడు జతలు సార్థకం. ట్యూకీ గీటురాయి ప్రకారం ఒక్కటే: మూడు–నాలుగు. యజమాని ఫిషర్ పద్ధతి వాడి ఉంటే "నాలుగవవాడు ఇద్దరికంటె తక్కువ" అనేవాడు. ట్యూకీ ప్రకారం నాలుగవ వెల్డరును మొదటి, రెండవ వెల్డర్ల నుంచి వేరు చేయడానికి మన దగ్గర సాక్ష్యం చాలదు. అంకెలు అవే, మనిషీ అతనే, తీర్పు మారింది.

కంప్యూటరులో చేసే విధానం

ఎస్.పి.ఎస్.ఎస్. ప్యాకేజీలో రెండు వరుసలు (కాలమ్స్) తయారు చేసుకోవాలి. ఒకదానిలో వెల్డరు సంఖ్య (1 నుంచి 4 వరకు), రెండవదానిలో ఒత్తిడి విలువ. మొత్తం ఇరవై అడ్డు వరుసలు ఉంటాయి. నలుగురికి నాలుగు నిలువు వరుసలు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అలా పెడితే ఈ పరీక్ష సాగదు. తరువాత ఎనలైజ్ పట్టీలో కంపేర్ మీన్స్, అందులో వన్-వే అనోవా ఎంచుకోవాలి. ఒత్తిడిని డిపెండెంట్ లిస్ట్‌లోను, వెల్డరును ఫ్యాక్టర్‌లోను ఉంచి పోస్ట్ హాక్ అనే బటన్ నొక్కితే పద్ధతుల పేర్లతో ఒక పెట్టె తెరుచుకొంటుంది. ట్యూకీ ఎదుట గుర్తు పెట్టండి.

ఆ పెట్టెలో పద్దెనిమిది దాకా పేర్లు ఉంటాయి. అన్నిటికీ గుర్తు పెట్టి, తమకు నచ్చిన ఫలితం ఏది ఇస్తే దానిని రాసుకొనేవారున్నారు. అది తూకం రాళ్లు మార్చి తూచడం వంటిది. ఏ పద్ధతి వాడాలో అంకెలు చూడకముందే నిర్ణయించి కాగితం మీద రాసుకోండి.

ఫలితంలో మల్టిపుల్ కంపారిజన్స్ అనే పట్టిక వస్తుంది. ఒక్కొక్క జత రెండుసార్లు కనిపిస్తుంది కాబట్టి ఆరు జతలకు పన్నెండు వరుసలు. భయపడనక్కర లేదు, సగం చదివితే చాలు. అందులోని ప్రామాణిక దోషం 3.098 అని మీరు చేతితో వేసిన లెక్కతో సరిపోతుంది. 'సిగ్' అన్న చోట ఉన్నది జతల సంఖ్యను లెక్కలోకి తీసుకొని సవరించిన పి విలువ. దానిని మళ్లీ 6తో గుణించకూడదు. మన లెక్కలో తేడా 8 ఉన్న జతకు విడి టి-పరీక్ష పి విలువ 0.02, ట్యూకీ సవరణ తరువాత అది 0.05కూ 0.10కీ మధ్యకు చేరుతుంది. తేడా 12 ఉన్న జతకు సవరణ తరువాత కూడా 0.01 కంటె తక్కువే.

పి విలువ కంటె ఆ పక్కనే ఉండే విశ్వాస అంతరం చదవడం మేలు. మూడు–నాలుగు జతకు అది 3.13 నుంచి 20.87 వరకు ఉంటుంది. సున్న లోపల లేదు. రెండు–నాలుగు జతకు –0.87 నుంచి 16.87 వరకు. ఇందులో సున్న ఉంది, కాబట్టి తేడా రుజువు కాలేదు. అదే సమయంలో 16 దాకా తేడా ఉండే అవకాశమూ ఉంది. 'తేడా రుజువు కాలేదు' అన్నదానిని 'ఇద్దరూ సమానం' అని చదవకండి.

దాని కింద హోమోజీనియస్ సబ్‌సెట్స్ అనే మరో పట్టిక ఉంటుంది. ఒకే నిలువు వరుసలో ఉన్నవాటి మధ్య తేడా రుజువు కాలేదని దాని భావం. మన ఉదాహరణలో నాలుగు, ఒకటి, రెండు ఒక వరుసలోను. ఒకటి, రెండు, మూడు మరొక వరుసలోను వస్తాయి. వ్యవసాయ పరిశోధన నివేదికలలో వరి రకాల దిగుబడుల పక్కన 'ఎ', 'ఎబి', 'బి' అని అక్షరాలు చూసి ఉంటారు. అవి ఇవే. ఒక్క అక్షరమైనా ఉమ్మడిగా ఉంటే ఆ జతలో తేడా తేలలేదన్నమాట. అలాంటి నివేదికలలో డంకన్ పద్ధతి (1955) ఎక్కువగా వాడేవారు. అది కుటుంబ దోషస్థాయిని 5 శాతం వద్ద ఆపదు. మన అంకెలకు వేస్తే తేడా 8 ఉన్న రెండు జతలనూ సార్థకమంటుంది. అలవాటు కొద్దీ దానిని వాడటం కంటె ట్యూకీ వాడటమే మంచిదని మా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ కొనలేనివారు ఉచితంగా దొరికే ఆర్, పి.ఎస్.పి.పి., జామోవి వంటివి వాడవచ్చు. ఆర్‌లో ఒక జాగ్రత్త అవసరం. వెల్డరు సంఖ్యలు 1, 2, 3, 4 కేవలం గుర్తులని, అవి 'ఫ్యాక్టర్' అని ముందుగా చెప్పాలి. చెప్పకపోతే వాటిని కొలతలుగా భావించి, మనం అడగని మరో లెక్క చేస్తుంది. ఎక్సెల్‌లోని డేటా ఎనాలిసిస్ విస్తృతి విశ్లేషణ దగ్గరే ఆగిపోతుంది. ఆపైన మనం పైన చేసినట్లు పట్టిక చూసి చేతితో వేసుకోవలసిందే.

మిగతా పద్ధతుల గురించి కొద్దిగా: పీసుల సంఖ్య సమానం కాకపోతే ట్యూకీ పద్ధతికి 1956లో క్రేమర్ చేసిన సవరణను ప్యాకేజీలు తామే వాడుకొంటాయి. సమూహాల విస్తృతులు బాగా వేరైతే గేమ్స్–హోవెల్ (1976). అందరినీ ఒక్క ప్రమాణ సమూహంతోనే పోల్చాలంటే డన్నెట్ (1955). బాన్ఫెరోని పద్ధతిలో 0.05ను జతల సంఖ్యతో భాగిస్తే చాలు. సులువే కాని జతలన్నిటినీ పోల్చేటప్పుడు ట్యూకీ కంటె కఠినం. మన అంకెలకు దాని గీటురాయి తేడా సుమారు 9.3.

కంప్యూటరు చెప్పనివి

మూడవ, నాలుగవ వెల్డర్ల మధ్య తేడా తేలింది సరే. అది చేతి తేడాయేనా? నాలుగవ వెల్డరు రాత్రి షిఫ్టులో చేసి ఉండవచ్చు. అతనికి ఇచ్చిన రాడ్లు చెమ్మ పట్టి ఉండవచ్చు. ఒక వెల్డరు ఐదు పీసులూ ఒకే ప్లేటును కోసి తీసినవైతే, అవి ఐదు వేర్వేరు సాక్ష్యాలు కావు. ఒకే సాక్షిని ఐదుసార్లు పిలిచినట్లు. ప్లేట్లు, రాడ్లు, వేళలు చీటీలు తీసి పంచి ఉంటేనే తేడాను మనిషికి ఆపాదించవచ్చు.

మరొకటి. ఐ.ఎస్. 2062 ప్రమాణంలో ఇ 250 రకం ప్లేటుకు ఉండవలసిన కనీస తన్యతా బలం 410 మెగాపాస్కళ్లు. మన ప్లేటు ఆ రకానిదైతే, ఇరవై పీసుల్లో అన్నిటికంటె తక్కువ తట్టుకొన్నది, నాలుగవ వెల్డరు చేసిన 458 విలువ గల పీసు కూడా, దానికి చాలా పైన ఉంది. యజమాని అడగవలసిన ప్రశ్న 'ఎవరు అందరికంటె కింద ఉన్నారు' అన్నది కాదు, 'ఎవరి వెల్డు అయినా ప్రమాణానికి తగ్గుతున్నదా' అన్నది. ఈ ఇరవై పీసులలో ఒక్కటీ తగ్గలేదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. ఐదు సమూహాలున్నాయి. ఒక జతకు విడి టి-పరీక్షలో పి విలువ 0.008 వచ్చింది. బాన్ఫెరోని పద్ధతిలో ఇది సార్థకమా?

2. మూడు ఎరువుల దిగుబడుల పక్కన వరుసగా 'ఎ', 'ఎబి', 'బి' అని ఉంది. ఏ జతలో తేడా తేలింది?

3. మన ఉదాహరణలో ఒక్కొక్క వెల్డరు పది పీసులు చేసి, సగటులు, లోపలి సగటు వర్గం 24 అలాగే ఉంటే, ట్యూకీ గీటురాయి తేడా పెరుగుతుందా, తగ్గుతుందా?

జవాబులు: 1. కాదు. జతలు 10; ఒక్కొక్క జతకు స్థాయి 0.005. 2. మొదటి, మూడవ ఎరువుల మధ్య మాత్రమే. 3. తగ్గుతుంది. 24ను 5కు బదులు 10తో భాగిస్తాం. పరిమితులు 36కు పెరగడంతో క్యూ విలువ కూడా కొద్దిగా తగ్గుతుంది. అప్పుడు గీటురాయి 6కు దగ్గరగా వస్తుంది, తేడా 8 ఉన్న జతలు కూడా సార్థకమవుతాయి.