ఓడలు రాని రేవు: విండోస్ ఫోన్ జీవిత కథ

గుడివాడ బస్టాండుకు దగ్గర్లో ఒక సెల్ రిపేరు కొట్టు. నేను బల్ల మీద పెట్టిన పసుపుపచ్చ ఫోన్ చూసి కుర్రాడి మొహం విప్పారింది.

"లూమియా అండీ! దీన్ని చూసి ఎన్నేళ్లయిందో" అన్నాడు. కెమెరా కన్ను మీద బొటనవేలు ఆనించి, మూలల్ని గోటితో కదిపి, వెనక తొక్కను సీతాఫలం విప్పినంత తేలిగ్గా ఊడదీశాడు. లోపలి బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. సొరుగులో వెతికి ఇంకోటి తీశాడు. బీఎల్-5జే, 1430 ఎంఏహెచ్. ఒకప్పుడు ఊరూరా తిరిగిన నోకియా 5233లో వేసేదీ ఈ బ్యాటరీయే. అందుకే ఇప్పటికీ దొరుకుతోంది.

"ఇది వేస్తే ఫోన్ వస్తుందండీ. వచ్చి ఏం చేస్తుందో మీరే చెప్పాలి."

ఆ ఫోన్ మా మామయ్యది. నాగాయలంక పక్కన రొయ్యల చెరువు చేసే రోజుల్లో కొన్నారు. మొన్న బీరువా సర్దుతుంటే బట్టల కింద కనబడింది. పేరు లూమియా 520. మన దేశానికి 2013 ఏప్రిల్‌లో వచ్చింది, ధర 10,499 రూపాయలు. ప్రపంచం మొత్తం మీద విండోస్ ఫోన్లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఇదే. కుర్రాడి ప్రశ్నకు జవాబు కావాలంటే దీని పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

చేతిలో పట్టే యంత్రాలకు మైక్రోసాఫ్ట్ కొత్తది కాదు. 1996లోనే విండోస్ సీఈ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ చేసింది. దాని మీద విండోస్ మొబైల్ ఫోన్లు వచ్చాయి. కంప్యూటర్ తెరనే కుదించి అరచేతిలో పెట్టినట్టుండే ఆ ఫోన్లలో చిన్నచిన్న మెనూలను పుల్లతో పొడవాల్సి వచ్చేది. 2007లో ఐఫోన్ వచ్చింది. వేలితో నడిచే ఫోన్. దాని ధర విని, కీబోర్డు లేదని తెలిసి, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ కెమెరా ముందే నవ్వేశారు. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ కూడా దిగింది. నవ్వు ఆగేసరికి రెండేళ్లు గడిచాయి. పాతదాన్ని బాగుచేసి లాభం లేదని తేల్చుకుని, మొదటి నుంచి కొత్తగా రాయించారు. అలా 2010 ఫిబ్రవరిలో బార్సిలోనాలో లోకానికి చూపించి, అక్టోబరులో విడుదల చేసిందే విండోస్ ఫోన్ 7.

దాని రూపం ఎవరినీ చూసి రాసుకున్నది కాదు. మిగతా ఫోన్లలో గాజు మెరుపులు, నీడలు, ఉబ్బెత్తు బొమ్మలు ఉండేవి. ఇక్కడ చదునైన రంగు పలకలు, వాటి మీద శుభ్రమైన అక్షరాలు, అంతే. రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో దారి చూపే బోర్డులే ఈ రూపానికి ప్రేరణ. అందుకే ఆ శైలికి మెట్రో అని పేరు పెట్టారు. బందరు స్టేషన్‌లో పసుపుపచ్చ బోర్డు మీది నల్లక్షరాల్ని పరుగెత్తే బండిలోంచి కూడా చదవగలం కదా, సూత్రం అదే. చూసేవాడికి క్షణమే తీరిక ఉంది, ఆ క్షణంలోనే సంగతి తెలియాలి.

ఆ పలకలు ఊరికే ఉండేవి కావు. తిరిగేవి. ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి చిన్న కబురు వస్తే పలక తిరగబడి వాతావరణమో, వార్తో, వచ్చిన మెయిళ్ల లెక్కో చూపించేది. యాప్ తెరవక్కర్లేదు. తలుపు తట్టకుండానే, అరుగు మీద కూర్చున్నవాళ్ల దగ్గర ఇంట్లో సంగతి తెలుసుకున్నట్టు.

రెండో గొప్ప సంగతి పొదుపు. లూమియా 520కి ఉన్న ర్యామ్ 512 ఎంబీ. అదే ర్యామ్‌తో నడిచే అప్పటి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు తెర జరిపితే చాలు నత్తనడక నడిచేవి. ఇది మాత్రం వెన్నలా జారేది. కారణం క్రమశిక్షణ. ఫోన్ తయారీదారు ఏ చిప్ వాడాలో, ఏ బటన్లు ఎక్కడ ఉండాలో మైక్రోసాఫ్టే గీత గీసింది. ఇక యాప్‌లను చూస్తే, మనం పక్కన పెట్టిన యాప్ వెనకాల ఇష్టం వచ్చినట్టు పరుగెత్తడానికి వీల్లేదు. సిస్టమ్ దాన్ని నిద్రపుచ్చేది. చోటు చాలకపోతే పూర్తిగా దించేసి, ఎక్కడ ఆగిందో ఆ గుర్తు మాత్రం రాసిపెట్టుకునేది. మళ్లీ పిలిస్తే ఆ గుర్తు నుంచే లేపేది. ఈ పనికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరు టూంబ్‌స్టోనింగ్. అంటే సమాధిరాయి నాటడం. తర్వాత జరిగినదంతా తెలిసిన మనకు ఆ పేరు వింటే మనసు చివుక్కుమంటుంది.

యంత్రం బాగుంది. దాన్ని జనానికి చేర్చేవాడు కావాలి. 2011 ఫిబ్రవరి 11న నోకియా ముందుకొచ్చింది. మైక్రోసాఫ్ట్ నుంచి వెళ్లి నోకియా పగ్గాలు పట్టిన స్టీఫెన్ ఈలప్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్‌ను పక్కనబెట్టి విండోస్ ఫోన్‌తో చేయి కలిపారు. అప్పుడు పుట్టిందే లూమియా వంశం. లూమియా 1020లో 41 మెగాపిక్సెళ్ల కెమెరా పెట్టారు. చిన్న ఫోన్లకు కూడా ఉచిత మ్యాపులిచ్చారు. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా దారి చూపేవి. అవనిగడ్డ దాటి కోడూరు వైపు, ఎదురుమొండి వైపు పోయేవాళ్లకు దాని విలువ తెలుసు. 2013 నాటికి విండోస్ ఫోన్ బ్లాక్‌బెర్రీని దాటి ప్రపంచంలో మూడో స్థానానికి చేరింది. అయితే రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఉన్నది సముద్రం. అమ్మకాల్లో దాని వాటా నూటికి నాలుగు కూడా దాటలేదు.

ఎందుకు దాటలేదో బందరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ రేవులో 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ కోఠీ పెట్టింది. డచ్చివాళ్లు అప్పటికే ఉన్నారు. ఇక్కడి కలంకారీ గుడ్డలు పర్షియా దాకా వెళ్లాయి. కానీ తీరమంతా లోతు లేని బురద. పెద్ద ఓడ దూరంగా లంగరేస్తే, సరుకంతా పడవల్లోకి దించి మోయాలి. ఆ శ్రమకు తగ్గ లాభం ఉన్నన్నాళ్లు ఓడలు వచ్చాయి. కంపెనీ మద్రాసులో కోట కట్టుకుని వ్యాపారాన్ని అటు మళ్లించాక, ఇక్కడికి రావాల్సిన అవసరం తగ్గుతూ వచ్చింది. ఓడ రాదని వర్తకుడు వెళ్లిపోతాడు, వర్తకుడు లేడని ఓడ రాదు. రేవు చావడమంటే అదే. అందులో నీటి తప్పేమీ లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా రేవే. యాప్‌లే ఓడలు. యాప్ రాసే కంపెనీకి ఆండ్రాయిడ్ కోసం ఒకసారి, ఐఫోన్ కోసం ఒకసారి రాయడమే పెద్ద ఖర్చు. నూటికి ముగ్గురో నలుగురో వాడే మూడో దానికి మళ్లీ ఎందుకు రాయాలి? మైక్రోసాఫ్ట్ కొందరికి డబ్బిచ్చి మరీ రాయించింది. గూగుల్ తన యాప్ ఇవ్వకపోతే యూట్యూబ్ కోసం తానే ఒకటి తయారుచేసింది. గూగుల్ దాన్ని 2013 ఆగస్టులో అడ్డుకుంది. ఇన్‌స్టాగ్రామ్ ఎప్పటికో వచ్చింది. ఆండ్రాయిడ్‌ను గూగుల్ తయారీదారులకు ఊరికే ఇచ్చేది, వెతుకులాటలో, ప్రకటనల్లో రాబట్టుకునేది. మైక్రోసాఫ్ట్ ఫోన్‌కింత అని లైసెన్సు డబ్బు అడిగేది. చిన్న తెరల యంత్రాలకు ఆ రుసుము ఎత్తేసింది 2014లో. ఆ తర్వాతే హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ కూడా విన్ 400 అనే విండోస్ ఫోన్ తెచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

పైగా కట్టిన రేవును మైక్రోసాఫ్ట్ తానే రెండుసార్లు తవ్వి పోసుకుంది. 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు లోపలి పునాదినే మార్చింది. విండోస్ సీఈ పోయి, పెద్ద కంప్యూటర్లు నడిపే ఎన్‌టీ కెర్నెల్ వచ్చింది. సాంకేతికంగా మంచి మార్పే. కానీ అంతకుముందు ఫోన్ కొన్నవాళ్లెవరికీ అది ఎక్కదు. వాళ్లకు 7.8 అని పైపై మెరుగు దిద్ది సరిపెట్టారు. తర్వాత విండోస్ 10 మొబైల్ వచ్చినప్పుడూ ఇదే తంతు. 512 ఎంబీ ఫోన్లకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. అందరికంటే ఎక్కువమంది కొన్న లూమియా 520 గడప బయటే నిలబడిపోయింది.

ఈలోగా నోకియా ఫోన్ల వ్యాపారాన్నే కొనేస్తామని 2013 సెప్టెంబరులో బామర్ ప్రకటించారు. పేటెంట్లతో కలిపి 544 కోట్ల యూరోలు. 2014 ఏప్రిల్ 25న బేరం పూర్తయింది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ మాత్రం పన్ను తగాదాలో ఇరుక్కుని ఆ బేరంలో చేరలేదు. వేలమందికి కూడు పెట్టిన ఆ ఫ్యాక్టరీ అదే ఏడాది నవంబరు 1న ఆగిపోయింది.

బేరం ముగిసేనాటికి కుర్చీలో బామర్ లేరు. 2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. హైదరాబాదులో పుట్టి, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషి. తండ్రి బి.ఎన్. యుగంధర్ అనంతపురం జిల్లా బుక్కాపురానికి చెందిన ఐఏఎస్ అధికారి. తెలుగు ఇళ్లలో పండగ చేసుకున్న ఆ నియామకమే తెలుగు చేతుల్లో ఉన్న లూమియాలకు చివరి ఘట్టం. నోకియాను కొనాలా వద్దా అని బామర్ తన బృందాన్ని అడిగినప్పుడు తాను వద్దన్నానని నాదెళ్ల 2017లో వచ్చిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో రాశారు. వద్దన్న సంసారమే ఆయన నెత్తిన పడింది.

ఆయన లెక్క వేరు. మనిషి చేతిలో ఎవరి ఫోన్ ఉన్నా సరే, అందులో మన వర్డ్, ఎక్సెల్ ఉండాలి, వెనకాల మన క్లౌడ్ ఉండాలి. పదవిలోకి వచ్చిన రెండు నెలల్లోపే ఐప్యాడ్ మీదికి ఆఫీస్‌ను పంపారు. 2014 జులైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అందులో దాదాపు 12,500 నోకియా నుంచి వచ్చినవాళ్లవే. 2015 జులైలో మరో 7,800. అదేరోజు ఖాతాలో 760 కోట్ల డాలర్ల నష్టం రాసుకున్నారు. కొన్న ధర మొత్తం నీళ్లలో పోసినట్టే. 2016లో బటన్ ఫోన్ల వ్యాపారాన్ని 35 కోట్ల డాలర్లకు అమ్మేశారు. మన దేశంలో అదే ఏడాది సెప్టెంబరులో జియో దిగింది. దానికి 4జీ ఫోన్ కావాలి. లూమియా 520కి అది లేదు.

ప్రాణం మాత్రం మెల్లగా పోయింది. 2017 అక్టోబరులో విండోస్ అధికారి జో బెల్ఫియోరీ, కొత్త హంగులూ కొత్త ఫోన్లూ ఇక తమ ధ్యాసలో లేవని చెప్పారు. విండోస్ ఫోన్‌ను మొదట్లో లోకానికి పరిచయం చేసినవాళ్లలో ఆయనొకరు. తానూ వేరే రకం ఫోన్‌కు మారానని అప్పుడే ఒప్పుకున్నారు. 2019 డిసెంబరు 31తో వాట్సాప్ ఆగింది. 2020 జనవరి 14న భద్రతా మరమ్మతులూ ఆగాయి. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ డుయో అనే రెండు తెరల ఫోన్ అమ్మింది. అందులో నడిచింది ఆండ్రాయిడ్.

బందరుకు ఇలాంటి మలుపు కొత్త కాదు. ఇక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు తయారుచేసేది. అది చతికిలబడితే 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడా యూనిట్‌లో సైన్యం కోసం చీకట్లో చూసే పరికరాలు తయారవుతాయి. కొనేవాడు మారాడు, పనితనం నిలిచింది. మైక్రోసాఫ్ట్ చేసిందీ లెక్కకు అలాంటిదే. క్లౌడ్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. అయినా 2023 అక్టోబరులో నాదెళ్లే ఒక ఇంటర్వ్యూలో, ఫోన్ల నుంచి తప్పుకున్న తీరు గురించి వెనక్కి చూసుకుని, నిలబెట్టే దారులు ఉండి ఉండవచ్చన్నారు. ఆయన తీసిన లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ లెక్కలో నాగాయలంక చెరువు గట్టు మీది ఫోన్‌కు వరస లేదు. డెల్టాలో కాలవ కట్టేస్తే ముందు ఎండేది చివరి భూములే.

కొట్లో ఫోన్ వెలిగింది. తెల్లటి నోకియా పేరు, ఆ తర్వాత పలకలు. వాతావరణం పలక కదల్లేదు. వార్తల పలక కదల్లేదు. వాటికి కబురు పంపే సర్వర్ అవతల లేదు. కుర్రాడు ఇయర్‌ఫోన్ తీగ గుచ్చి రేడియో పెట్టాడు. విజయవాడ స్టేషన్ పలికింది. "అలారం కూడా మోగుతుందండీ" అన్నాడు, వకాల్తా పుచ్చుకున్నట్టు.

ఇంటికొచ్చి మామయ్య చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు. అన్నీ రాళ్లలా ఉన్న ఆ పలకల మధ్య ఒక్కటి మాత్రం మెల్లగా జరుగుతోంది. ఫొటోల పలక. దానికి ఏ సర్వరూ అక్కర్లేదు, ఫోన్‌లో ఉన్న బొమ్మలనే ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ పోతుంది. చెరువులో తిరిగే ఏరేటర్లు, తూకం వేస్తున్న రొయ్యలు, గట్టు మీద నిలబడ్డ అత్తయ్య.

"ఇది కిలోకు ముప్పై కౌంటు పడ్డ పంటరా" అన్నారు మామయ్య. పలక జరిగింది. ఆయన తర్వాతి బొమ్మ కోసం చూస్తూ కూర్చున్నారు.