అబ్బాయిల ఛాతీలో గడ్డ... ఎవరికీ చెప్పుకోలేని భయం!

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ చనుమొన కింద రూపాయి బిళ్లంత గట్టిగా ఏదో తగిలింది. నొక్కితే నొప్పి. బనీను రాసుకున్నా చురుక్కుమనేది. క్యాన్సరే అని ఫిక్సయిపోయాను. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. కాలువలో ఈతకి వెళ్లడం మానేశాను, చొక్కా విప్పాల్సి వస్తుందని. చివరికి బాబాయికి చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చూసి, "మీసాలొస్తున్నాయిగా, ఇదీ వాటితోపాటే వచ్చింది" అని నవ్వేశారు.

దీన్ని గైనకోమాస్టియా అంటారు. మగపిల్లల్లోనూ చనుమొన వెనక కొద్దిగా రొమ్ము కణజాలం ఉంటుంది. యుక్తవయసు మొదలయ్యాక టెస్టోస్టిరాన్ పూర్తిగా పుంజుకునేలోపు ఈస్ట్రోజెన్‌ది కొన్నాళ్లు పైచేయి అవుతుంది (అవును, అది మగవాళ్ల ఒంట్లోనూ తయారవుతుంది). దాంతో ఆ కణజాలం ఉబ్బుతుంది. 13, 14 ఏళ్లప్పుడు ఎక్కువ. ఒకవైపే రావచ్చు, రెండువైపులా రావచ్చు, అటో సైజు ఇటో సైజు కూడా ఉండొచ్చు. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. నాదైతే ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

లావుగా ఉన్న పిల్లల్లో కనిపించేది చాలాసార్లు ఉత్త కొవ్వే. అది మెత్తగా ఉంటుంది, చనుమొన కింద బిళ్లలా తగలదు.

మరి డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి? గడ్డ రాయిలా గట్టిగా ఉన్నా, చనుమొన కింద కాకుండా పక్కకి ఉన్నా, త్వరగా పెరుగుతున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, పైన చర్మం లోపలికి లాగినట్టున్నా ఆలస్యం చేయొద్దు. యుక్తవయసు లక్షణాలు మొదలవకముందే వచ్చినా, రెండేళ్లు దాటినా తగ్గకపోయినా అంతే. డాక్టర్ వృషణాలు కూడా పరీక్షిస్తారు. సిగ్గుపడకండి, అక్కడి కణితుల వల్ల కూడా అరుదుగా ఇలా అవుతుంది. వాడుతున్న మందులన్నీ చెప్పండి. స్పైరోనోలాక్టోన్, రిస్పెరిడోన్ లాంటివి దీనికి కారణం కావచ్చు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి అస్సలు దాచొద్దు.

పదిహేనేళ్ల పిల్లాడికి ప్రకటన చూసి సర్జరీకి పరిగెత్తడం మాత్రం నాకు నచ్చదు. ఎదుగుదల ఆగేదాకా చూద్దామనే డాక్టర్లు సాధారణంగా అంటారు. రోజుకి పదిసార్లు నొక్కి చూసుకోవడం కూడా మానాలి, నొప్పి పెరగడం తప్ప లాభం లేదు.

మొన్న మే నెలలో ఊరెళితే మా అక్క కొడుకు అంత ఎండలోనూ మందపాటి జాకెట్ వేసుకునే తిరుగుతున్నాడు. అనుమానమొచ్చి మేడ మీదికి తీసుకెళ్లి నా కథ మొత్తం చెప్పాను. కాసేపు తల దించుకుని కూర్చుని, "నీకూనా మామయ్యా?" అన్నాడు.