ఫాస్ట్ బౌలింగ్‌లో ప్రాంతీయ భేదాలు

క్రికెట్ క్రీడలో బంతిని గంటకు సుమారు 140 కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో వేసే బౌలర్లను ఫాస్ట్ బౌలర్లు అంటారు. క్రికెట్ ఆడే దేశాలన్నింటిలోనూ ఇటువంటి బౌలర్లు ఉన్ననూ, కొన్ని ప్రాంతాలు తమ జనాభాతో పోల్చినచో చాలా ఎక్కువ మందిని అందించినాయి. పాకిస్తాన్‌లోని పంజాబ్, మూడు లక్షల లోపు జనాభా గల బార్బడోస్ దీవి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. భారతదేశం మాత్రం 20వ శతాబ్దంలో అధిక కాలం స్పిన్ బౌలర్లకే పేరుపొందినది.

== ఆహారం, దేహదారుఢ్యం అనే వాదన ==

ఈ భేదానికి మాంసాహారం, ఎత్తు, జాతి లక్షణాలు కారణమని తరచుగా చెబుతుంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ వాదన నిలవదు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశం ఆడిన తొట్టతొలి టెస్టులో బౌలింగ్ ప్రారంభించినది ఇద్దరు పేస్ బౌలర్లే. వారు పంజాబ్‌కు చెందిన మహమ్మద్ నిస్సార్, రాజ్‌కోట్‌కు చెందిన అమర్ సింగ్. నిస్సార్ మొదటి ఇన్నింగ్సులో 93 పరుగులిచ్చి 5 వికెట్లు సాధించినాడు. 1947లో దేశ విభజన తరువాత అతను పాకిస్తాన్‌కు వెళ్ళినాడు. లాహోరుకు చెందిన ఫజల్ మహమూద్ 1947-48 ఆస్ట్రేలియా పర్యటనకు భారత జట్టులో ఎంపికై కూడా విభజన కారణంగా వెళ్ళలేదు. అదే ఫజల్ 1954లో ఓవల్ టెస్టులో 99 పరుగులకు 12 వికెట్లు తీసి పాకిస్తాన్‌కు ఇంగ్లాండుపై విజయం సమకూర్చినాడు.

విభజన వలన ప్రజల ఆహారం గాని శరీరాలు గాని మారలేదు. కాని ఆ తరువాత రెండు దేశాల బౌలింగ్ రెండు దారులు పట్టినది. 1967లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో భారత్ నలుగురు స్పిన్నర్లను ఆడించి, కొత్త బంతిని వికెట్ కీపర్‌గా పేరున్న బుధి కుందరన్‌కు అప్పగించినది! 1970లలో కొత్త బంతి మెరుపు పోగొట్టే పని కొన్నిసార్లు సునీల్ గవాస్కర్‌కు కూడా తప్పలేదు. ఇటు పాకిస్తాన్ కూడా అబ్దుల్ ఖాదిర్, సక్లయిన్ ముస్తాక్ వంటి గొప్ప స్పిన్నర్లను అందించినదనే సంగతి మరువరాదు.

== టేప్ బంతి ==

1980ల నాటికి కరాచీ వీధుల్లో టెన్నిస్ బంతికి కరెంటు తీగలకు చుట్టే టేపు చుట్టి ఆడే పద్ధతి వ్యాపించినది. క్రమంగా ఇది దేశమంతటికీ పాకింది. అసలు క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు కాగా, టెన్నిస్ బంతి బరువు 60 గ్రాముల లోపే. టేపు చుట్టిన బంతి కొంత బరువెక్కి, గాలిలో వేగంగా దూసుకుపోతుంది. దానికి కుట్టు ఉండదు కనుక పిచ్‌పై పడి పక్కకు తిరగదు. తక్కువ ఓవర్ల ఆటలో బ్యాట్స్‌మన్ ప్రతి బంతినీ బాదడానికే చూస్తాడు. అందువలన బౌలర్‌కు మిగిలే ఉపాయాలు రెండే. చేతిని వీలైనంత వేగంగా తిప్పడం, బంతిని నేరుగా బ్యాట్స్‌మన్ పాదాల వద్ద వేయడం, అనగా యార్కర్. ప్యాడ్లు, గ్లోవ్స్ కొనలేని ఇంటి పిల్లలు కూడా ఈ ఆట ఆడగలరు. శిక్షకుడు ఎవరూ లేకపోవడం వలన ఎవరి యాక్షన్ వారికే ఉంటుంది, దానిని సరిదిద్దే పేరుతో చెడగొట్టేవారు ఉండరు.

== రివర్స్ స్వింగ్ ==

ఎండిన మైదానాలలో, గరుకు పిచ్‌లపై క్రికెట్ బంతి త్వరగా అరిగిపోతుంది. ఒక వైపు నునుపుగా ఉంచుతూ రెండవ వైపు అరగనిస్తే, పాత బంతి వేగంగా వేసినప్పుడు సాధారణ స్వింగ్‌కు వ్యతిరేక దిశలో వంగుతుంది. ఈ విద్యకు ఆద్యుడిగా పేరుపొందిన సర్ఫరాజ్ నవాజ్ 1979లో మెల్బోర్న్‌లో 86 పరుగులకు 9 వికెట్లు సాధించినాడు. అతని నుంచి ఇమ్రాన్ ఖాన్‌కు, ఇమ్రాన్ నుంచి వసీం అక్రం, వకార్ యూనిస్‌లకు ఇది అందినది. నిర్జీవమైన పిచ్‌లు ఫాస్ట్ బౌలర్లకు శాపమని అందరూ భావిస్తున్న కాలంలో వీరు పిచ్‌తో పని లేకుండా గాలిలోనే వికెట్లు తీసినారు. 1992లో ఇంగ్లాండు పర్యటనలో వీరిపై బంతిని పాడుచేస్తున్నారనే ఆరోపణలు వచ్చినాయి. 2005 యాషెస్‌లో ఇంగ్లాండు బౌలర్లు రివర్స్ స్వింగ్‌తోనే నెగ్గినపుడు మాత్రం అది గొప్ప కళగా ప్రశంసలందుకొన్నది.

== ఎంపిక విధానం ==

వసీం అక్రం 1985 జనవరిలో 18 ఏళ్ళ వయస్సులో, ఫస్ట్ క్లాస్ అనుభవం దాదాపు లేకుండానే టెస్టు ఆడినాడు. తన రెండవ టెస్టులోనే 10 వికెట్లు తీసినాడు. వాయవ్య సరిహద్దు ప్రాంతానికి చెందిన నసీం షా 2019లో 16 ఏళ్ళకే టెస్టు ఆడినాడు. వేగం కనబడితే వయస్సు చూడని ఈ ధోరణికి మరో ముఖం కూడా కలదు. ఎముకలు పూర్తిగా గట్టిపడని వయస్సులో అధికంగా బౌలింగ్ చేస్తే నడుము వద్ద వెన్నెముకలో సన్నని పగుళ్ళు వస్తాయి. ఆ విధంగా గాయపడి మరుగునపడిన కుర్రవాళ్ళను ఎవరూ లెక్కించరు. ప్రతిభావంతుల జాబితాలు చదివేటపుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

== బార్బడోస్ ==

వెస్ హాల్, చార్లీ గ్రిఫిత్, జోయెల్ గార్నర్, మాల్కం మార్షల్ ఈ చిన్న దీవి వారే. వెస్టిండీస్ జట్టు 1980 నుంచి 1995 వరకు ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడలేదు. ఆ తరువాత ఆ జట్టు పేస్ బలం తగ్గిపోయినది. దీవి ప్రజల శరీరాలు అవే, ఎండ అదే. బార్బడోస్‌లో పుట్టిన జోఫ్రా ఆర్చర్ 2019 ప్రపంచ కప్పును ఇంగ్లాండుకు ఆడి గెలిచినాడు. అనగా లోపించినది బౌలర్లు కాదు, వారిని నిలుపుకొనే వ్యవస్థ.

== భారతదేశంలో మార్పు ==

బాలుడిగా శిక్షణ శిబిరంలో చపాతీలు ఎక్కువ కావాలని అడిగినపుడు, భారతదేశంలో ఫాస్ట్ బౌలర్లే లేరని ఒక అధికారి ఎగతాళి చేసినట్లు కపిల్ దేవ్ చెప్పినాడు. 1978లో టెస్టుల్లో ప్రవేశించిన కపిల్ 434 వికెట్లు తీసినాడు. 1987లో చెన్నైలో డెన్నిస్ లిల్లీ శిక్షకుడిగా ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్ ఏర్పడినది. జవగళ్ శ్రీనాథ్, వెంకటేష్ ప్రసాద్, జహీర్ ఖాన్ అక్కడ శిక్షణ పొందినవారే. 2008లో ప్రారంభమైన ఇండియన్ ప్రీమియర్ లీగ్ వలన చిన్న ఊళ్ళ బౌలర్లను వెదికి పట్టుకొనే పని పెరిగినది.

గులాం అహ్మద్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు వంటి స్పిన్నర్లకు పుట్టినిల్లయిన హైదరాబాదు నుంచి ఈ దశలో మహమ్మద్ సిరాజ్ వచ్చినాడు. ఆటో డ్రైవర్ కుమారుడైన సిరాజ్ చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడినాడు. 2016-17 రంజీ ట్రోఫీలో 41 వికెట్లు తీసి, 2017లో సన్‌రైజర్స్ జట్టుకు 2.6 కోట్ల రూపాయలకు ఎంపికైనాడు. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టులో భారత్ 6 పరుగుల తేడాతో గెలిచినపుడు అతని వికెట్లు తొమ్మిది. చివరి వికెట్‌ను యార్కర్‌తోనే తీసినాడు.