గొంతు వేషం కట్టిన అంకెలు

టెలిఫోన్ తీగను మనిషి మాట కోసం వేశారు. మాటలోనైనా మొత్తానికి చోటివ్వలేదు. సెకనుకు 300 కంపనాల (హెర్ట్జ్) కంటే దిగువ ఉన్నదాన్నీ, 3,400 కంటే ఎగువ ఉన్నదాన్నీ ఎక్స్‌ఛేంజి కత్తిరించి పారేస్తుంది. ఏమన్నారో తెలియడానికి, అన్నది ఎవరో పోల్చుకోవడానికి ఆ మిగిలిన ముక్క చాలు. అంతటి ఇరుకులోంచి కంప్యూటర్ల సమాచారాన్ని నడిపించిన యంత్రం మోడెమ్. అది పుట్టింది అమెరికాలో. కానీ దానికి అన్నిటికంటే చిత్రమైన పని పెట్టిన చోట్లు చూడాలంటే, గల్ఫ్‌కు కొడుకులను పంపుకున్న హైదరాబాద్ పాతబస్తీ లాంటి ఊళ్లకు రావాలి.

ముందు పుట్టుక సంగతి. 1950ల్లో అమెరికా వైమానిక రక్షణ వ్యవస్థకు ఒక చిక్కు వచ్చింది. రాడార్లు ఒకచోట, వాటి లెక్కలు చూసే కంప్యూటర్లు మరోచోట. మధ్యలో కొత్త తీగలు లాగడం కంటే దేశమంతా అప్పటికే ఉన్న ఫోను తీగలను వాడుకోవడం చవక. అయితే కంప్యూటర్‌కు తెలిసింది ఒకటి, సున్నా. తీగకు తెలిసింది కూతలు, మాటలు. అందుకని అంకెలకు శబ్దం వేషం కట్టి పంపారు. పగటి వేషగాడు దొరలా నడిచొస్తే వాకిట్లో కాపలావాడు లేచి సలాము కొట్టినట్టు, ఎక్స్‌ఛేంజి కూడా ఆ కూతలను మనిషి గొంతే అనుకుని లోపలికి వదిలింది. 1962లో బెల్ సంస్థ అమ్మకానికి తెచ్చిన 103 రకం మోడెమ్‌లో ఈ వేషం చాలా తేట. ఫోను చేసినవైపు యంత్రం ఒకటి పంపాలంటే 1,270 హెర్ట్జ్ కూత, సున్నా పంపాలంటే 1,070 హెర్ట్జ్ కూత పెడుతుంది. ఎత్తినవైపు యంత్రం 2,225, 2,025 వాడుకుంటుంది. జతలు వేరు కాబట్టి ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా కలగాపులగం కాదు. వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు ముప్పై అక్షరాలు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి రాబర్ట్ వైట్‌బ్రెక్ట్. భౌతిక శాస్త్రవేత్త, పుట్టు చెవిటివాడు. ఫోను ఆయనకు ఎందుకూ కొరగాదు. పాత టెలిప్రింటర్లను ఫోను తీగకు కలపగలిగితే బధిరులు టైపు చేసుకుంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని ఆయన ఆలోచన. కానీ ఆ రోజుల్లో ఫోను కంపెనీ తన తీగకు పరాయి పరికరం తగలనిచ్చేది కాదు. దాంతో తీగ జోలికి పోకుండా, ఫోను రిసీవర్‌ను రెండు కప్పుల్లో పడుకోబెట్టి, దాని చెవిలోనే కూతలు ఊదే పెట్టె తయారు చేశారు. 1964 నాటికి అది పనిచేసింది. వినపడని మనిషి శబ్దంతో నడిచే యంత్రాన్ని నిలబెట్టాడు. పరాయి పరికరాల మీద నిషేధం 1968లో సడలింది. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్ మోడెమ్ వచ్చాక నంబరు తిప్పడం, ఎత్తడం, పెట్టేయడం కూడా కంప్యూటరే చేసుకోసాగింది.

ఇక మిగిలింది వేగం పిచ్చి. క్లాడ్ షానన్ 1948లోనే దీనికి ఒక గట్టు కట్టి చూపించాడు. దారి ఎంత వెడల్పో, అందులో గోల ఎంతో తెలిస్తే, ఎంత తెలివైన ఇంజనీరైనా దాటలేని వేగం ఎంతో లెక్క కట్టొచ్చు. మంచి ఫోను తీగకు ఆ లెక్క వేస్తే సెకనుకు సుమారు 35 వేల బిట్లు తేలుతుంది. 1982లో ఉంగర్‌బోక్ అనే శాస్త్రవేత్త గోలలోనూ సంకేతాలను పోల్చుకునే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతి మీద నిచ్చెన ఎక్కినట్టు 1994లో 28,800, ఆ తర్వాత 33,600 దాకా చేరారు. గట్టు దాదాపు తగిలింది.

మరి 56 కె మోడెమ్ సంగతేమిటి? 1998లో ప్రమాణంగా వచ్చిన ఆ యంత్రం షానన్‌ను ఓడించలేదు. ఈలోగా మారింది ఎక్స్‌ఛేంజి. డిజిటల్ ఎక్స్‌ఛేంజి మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లుగా రాసుకుంటుంది. అంటే 64,000 బిట్లు. ఇంటర్నెట్ సంస్థ తన వైపు నుంచి నేరుగా అంకెల్లోనే ఎక్స్‌ఛేంజికి అందిస్తే, శబ్దాన్ని కొలిచేటప్పుడు పుట్టే పొరపాటు ఆ దిక్కున ఉండదు. 8 బిట్లలో 7 నమ్మకంగా వాడుకున్నా 56,000. కాకపోతే ఇది దిగుమతికే. ఇంటి నుంచి పైకి వెళ్లేది పాత వేగమే. చేతిలో కాగితం మీద 56 అని ఉన్నా, ఆ అంకె కళ్లారా చూసిన వినియోగదారులు అరుదు.

ఇప్పుడు పాతబస్తీకి వద్దాం. 1970ల చమురు సంపాదన మొదలైనప్పటి నుంచి ఇక్కడి కుటుంబాల్లోంచి మగవాళ్లు దుబాయ్‌కి, జెద్దాకు, మస్కట్‌కు వెళ్తూనే ఉన్నారు. నిజాం సైన్యంలోకి వచ్చిన యెమెన్ అరబ్బుల వారసులుండే బార్కస్‌కు ఆ దారి ఇంకా పాతది. ఉత్తరాలు వారాలు పట్టేవి. చదవడం రానివాళ్లు టేపు రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్టు నిండా మాట్లాడి, వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. 1980ల చివర్లో పసుపు రంగు ఎస్టీడీ, ఐఎస్డీ బూత్‌లు వీధి వీధికీ వచ్చాయి. హైదరాబాద్‌కు 040 కాక 0842 కోడ్ ఉన్న కాలం. ఐఎస్డీ అంటే నిమిషానికి పదుల రూపాయలు. బూత్‌లో మీటరు ఎర్ర అంకెలు తిరుగుతుంటే తల్లి కుశలం అడగడం మాని లెక్క చూసుకునేది.

ఆ ధర వెనుక ఒక సాంకేతిక కారణం ఉంది. ఫోను మాటకు ఇక్కడి నుంచి దుబాయ్ దాకా ఒక దారిని పూర్తిగా మీకే రాసిస్తారు. మీరు మాట్లాడినా, మౌనంగా ఏడ్చినా ఆ దారిలోకి ఇంకొకరు రాలేరు. అద్దె మొత్తం మీదే. (ప్రభుత్వాలు అందులో లాభం బాగా పిండుకున్నాయన్నదీ నిజమే.) ఇంటర్నెట్ పద్ధతి వేరు. సమాచారాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి, అందరి ముక్కలనూ ఒకే దారిలో తోలుతుంది. ఈ ఆలోచన 1960ల్లో అమెరికాలో పాల్ బారన్‌కు, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్‌కు విడివిడిగా తట్టింది. ప్యాకెట్ అన్న పేరు డేవిస్ పెట్టిందే. దారి మధ్యలో ఉండే రూటర్లు చిరునామా చూసి ముందుకు నెడతాయి తప్ప లోపల ఉన్నది ఫొటోనా, మాటా అని పట్టించుకోవు.

ప్రభుత్వ సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న నాలుగు మహానగరాల్లో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. ఆ నాలుగింటిలో హైదరాబాద్ లేదు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు తలుపులు తీశారు. మొదట దిగినవాటిలో మన సత్యం వారి ఇన్ఫోవే ఒకటి. ఆ తర్వాతే మదీనా బిల్డింగ్, షాలిబండ, మొఘల్‌పురా వైపు మెట్ల కింద, మేడల మీద సైబర్ కేఫులు పుట్టుకొచ్చాయి. చెక్క అరలు, ఒక్కో అరకు పరదా, లోపల హెడ్‌ఫోను. కుర్రాళ్లు చాటింగ్‌కి వచ్చేవాళ్లు. వాళ్ల పక్క అరలోనే బురఖాలో ఒక పెద్దావిడ "ఆవాజ్ ఆరీ క్యా, బేటా?" అని అడుగుతుండేది.

ఆమె మాట ఎన్ని వేషాలు మార్చుకుని పోతుందో చూడండి. మైకు ముందు అది శబ్దం. కంప్యూటర్ దాన్ని అంకెలు చేస్తుంది. ఫోను నాణ్యతకే సెకనుకు 64,000 బిట్లు కావాలి, మోడెమ్ పైకి మోసేది అందులో సుమారు సగమే. కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని నొక్కి నొక్కి 6,300 బిట్లకు తెస్తుంది. ఆ పైన సెకనులో వందకు మూడు వంతుల కాలానికి ఒక ప్యాకెట్ చొప్పున కడుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో మాట 24 బైట్లు, చిరునామా తదితర రాతకోతలు 40 బైట్లు! సరుకు కంటే బరువైన ఈ రాతలతో కలిపి లెక్క 17,000 బిట్లకు చేరుతుంది. ఇంత చేశాక మోడెమ్ ఆ అంకెలను మళ్లీ కూతలుగా మార్చి ఫోను తీగలో వదులుతుంది. అవతల డిజిటల్ ఎక్స్‌ఛేంజి ఆ కూతలను కొలిచి మరోసారి అంకెలు చేస్తుంది. గొంతు కోసం వేసిన తీగలో గొంతు నేరుగా పోకూడదట, అంకెలై, కూతై, తిరిగి అంకెలై పోవాలట. ఇంజనీరింగ్ పరంగా ఇంత తిక్క పని ఇంకొకటి నాకు కనబడదు. అయినా గంటకు ఇచ్చే డబ్బు బూత్‌లో రెండు నిమిషాల ఖర్చుతో సరిపోయేది కాబట్టి జనం వరుస కట్టారు.

మాట తెగిపోతుండటానికీ కారణం ఉంది. ఫొటో వస్తుంటే పోయిన ప్యాకెట్‌ను మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు, ఒక ముక్క ఆలస్యమైతే కొంప మునగదు. మాటకు ఆ వెసులుబాటు లేదు. "బాగున్నావా" అన్నదాంట్లో "గు" రెండు సెకన్ల తర్వాత వస్తే ఎవరికి కావాలి? అందుకే మాటల ప్యాకెట్లకు రసీదులుండవు. పోయింది పోయినట్టే.

కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు మాట్లాడటాన్ని మన ప్రభుత్వం 2002 ఏప్రిల్ 1 నుంచి గానీ చట్టబద్ధం చేయలేదు. కేఫుల ముందు నెట్ ఫోను బోర్డులు దర్జాగా వెలిసింది ఆ తర్వాతే.

మోడెమ్ కలిసేటప్పుడు వినిపించే ఆ కీచు, బుసబుస చాలామందికి ఇప్పటికీ గుర్తే. అది ఉత్త గోల కాదు. మొదట వచ్చే 2,100 హెర్ట్జ్ కూత, దారిలో ప్రతిధ్వనిని అణిచే యంత్రాలను పక్కకు తప్పుకోమంటుంది. తర్వాతి గరగరలో రెండు మోడెమ్‌లు తీగను పరీక్షిస్తాయి. ఏ కంపనం ఎంత నలిగి చేరుతోంది, గోల ఎంత అని చూసి వేగం ఖాయం చేసుకుంటాయి. అతుకు మీద అతుకు వేసిన పాత తీగ, వాన పడి తడిసిన డబ్బా ఉన్న గల్లీలో ఆ బేరం 28,800 దగ్గరో అంతకంటే కిందో తెగేది. ఆ వేగంలో ఒక మెగాబైటు ఫొటో రావాలంటే నాలుగున్నర నిమిషాల పైమాట.

చిత్రమేమిటంటే, ఇంతకాలం ఇరుకని తిట్టుకున్నది తీగను కానే కాదు. 3,400 దగ్గర కత్తిరించేది ఎక్స్‌ఛేంజిలోని పరికరం. రాగి తీగ పది లక్షల హెర్ట్జ్ కూడా మోస్తుంది, కాకపోతే కొద్ది దూరమే. బిఎస్‌ఎన్‌ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ చేసింది ఇదే. కింది అంతస్తు మాటకు వదిలేసి, 25 వేల హెర్ట్జ్ నుంచి లక్షల హెర్ట్జ్ దాకా ఉన్న చోటును వందల కొద్దీ సన్నని పాయలుగా చీల్చి ఒక్కోదాని మీద కొంత డేటా పంపింది. ఫోను మాట్లాడుతుంటే నెట్ ఆగిపోయే బాధ తప్పింది. కానీ పై కంపనాలు దూరంతో త్వరగా చచ్చిపోతాయి. చార్మినార్ ఎక్స్‌ఛేంజి పక్కింటివాడికి దక్కిన వేగం నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి దక్కదు. డబ్బు ఒక్కటే.

తీగ బాగున్నంత మాత్రాన మాట చేరుతుందనీ కాదు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున రెండు కేబుళ్లు తెగాయి. రెండు రోజులకే దుబాయ్ దగ్గర ఫాల్కన్ కేబుల్ తెగింది. పడమటి దారి మూసుకుపోవడంతో మన దేశపు ప్యాకెట్లు చాలావరకు తూర్పుగా తిరిగి, పసిఫిక్ మీదుగా ఈదాయి. దారి తెగితే ఇంకో దారి వెతుక్కోవడం రూటర్ల జన్మహక్కు. అవతలి దారి కూడా కిక్కిరిస్తే మాత్రం వాటి తెలివి ఏమీ చేయలేదు. ఇక తీగా ప్యాకెట్లూ సవ్యంగా ఉన్నా ప్రభుత్వం అడ్డు పడవచ్చు. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ ఫోను మాటల మీద నిషేధం ఎత్తేసింది. దుబాయ్‌లో వాట్సాప్‌లో రాసుకోవచ్చు గానీ మామూలుగా మాట్లాడనివ్వరు. పాతబస్తీ తల్లుల ఫోన్లలో రెండు మూడు రకాల యాప్‌లు ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు ఇంట్లో మూలన మినుకుమనే పెట్టెలోకి వచ్చేది గాజు తీగ. ఒక తీగలోని వెలుగును కరెంటు అవసరం లేని చిన్న గాజు పరికరం 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. అందరి డేటా అందరి ఇళ్లకూ వస్తుంది, ఎవరి పెట్టె వాళ్లది మాత్రమే విప్పుకోగలదు. తిరుగు దారిలో ఒక్కో పెట్టెకు వంతు ప్రకారం కొన్ని క్షణాంశాలు కేటాయిస్తారు. జనం దాన్ని ఇంకా మోడెమ్ అనే అంటారు. ఇక అంకెలకు గొంతు వేషం కట్టే పని లేదు. 4జి వచ్చాక మొబైల్ మాట కూడా ప్యాకెట్లలోనే పోతోంది, గొంతే అంకెల వేషం కట్టింది.

గాజు తీగలో కరెంటు పారదు. కానీ స్తంభం నుంచి స్తంభానికి వేలాడటానికి దాని వెంట ఇనుప తీగ ఉంటుంది, కరెంటు తీగ తగిలితే అందులో పారుతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తొలగించమని ప్రభుత్వం ఆదేశించింది. కత్తిరింపులతో నగరంలో ఎన్నోచోట్ల నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. ప్రాణాల ముందు నెట్ ఎంత అని కొందరు, నెట్ లేకుండా బతుకెలా అని కొందరు. ఇద్దరి మాటా కాదనలేం. తప్పు కేబుల్ ఉండటంలో లేదు, అది నెత్తి మీద ఉండటంలో ఉంది.

దాన్ని నేలలోకి దించే అదను ఇదే. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా, షాలిబండల మీదుగా ఆస్తులు సేకరించి రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. ఎలాగూ తవ్వుతారు. తవ్వినప్పుడే రెండు వైపులా కేబుళ్ల కోసం నాలుగు ఖాళీ పైపులు పూడ్చి, అన్ని సంస్థలకూ అద్దెకివ్వాలని మెట్రో అధికారులనూ, జీహెచ్‌ఎంసీనీ పాతబస్తీ జనం ఇప్పుడే అడగాలి. తారు పోశాక అడిగితే మళ్లీ స్తంభాలే గతి.